మోటు, ముతక, నాటు – కొన్ని మాటలను గూర్చి
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)

 

నన్ను ఈ సభలో మాటలాడుమని కోరినప్పుడు కార్యదర్శిగారు, "భాషకు సంబంధించిన విషయమై యుండవలెను, తలిదండ్రులకు ఇంటివద్ద పనికిరావలెను" అని రెండు నియమములు పెట్టిరి. ఏమి చెప్పుదునా యని ఆలోచించుకొనుచునే, సభకు కొంత ముందుగా వచ్చి, ప్రక్కగదిలో అమర్చిన పిల్లల చేతిపనుల ప్రదర్శనమును చూడబోయితిని. విషయము అక్కడనే దొరకినది.

ఆ గదిలో బల్లమీద ఒక మట్టి ఎద్దు ఉన్నది. దాని కొమ్ములలో ఒకటి పొడవు, ఒకటి పొట్టి. మూపురము కొంచెము మెడమీదికి జారినది. వ్రేలిముద్రలు ఒడలంతయు కనబడుచున్నవి. దాని సరసనే థర్మకోలుతో చేసిన దేవాలయ గోపురమొకటి తళతళలాడుచున్నది. అది అంగడిలో చేయించి తెచ్చినదని దానిని తెచ్చిన బాలుడే నాతో నిష్కపటముగా చెప్పినాడు. ఇంతలో ఎద్దును చేసిన పిల్లవాని తల్లి వచ్చి, అక్కడ ఉన్న ఉపాధ్యాయినితో, "అమ్మా, మావాడిది మరీ మోటుగా ఉండాది. కొంచెం వెనక్కి పెట్టించండి" అని వేడుకొన్నది. ఆమె వినయముతోనే అన్నది. కాని పిల్లవాడు ప్రక్కనే ఉన్నాడు. వాడు మారు మాటలాడక, ఎద్దు మొగమును గోడవైపునకు త్రిప్పి పెట్టి వెడలిపోయినాడు.

కావున ఈనాటి నా ప్రసంగము "మోటు" అను మాటను గూర్చియు, దాని చుట్టపక్కములను గూర్చియు. పని కుదరనప్పుడు, నునుపు చాలనప్పుడు, నేర్పు తక్కువైనప్పుడు మనము వాడు మాటలు తెలుగున చాల కలవు. అవి అన్నియు ఒకే యర్థమునిచ్చునవని తలచి, ఏది నోటికి వచ్చిన దానిని వాడుచుందుము. నిదానించి చూచినచో ఒక్కొక్క మాట ఒక్కొక్క లోపమును చెప్పును. కొన్ని మాటలు అసలు లోపమునే చెప్పవు.

మొదట ముట్టుకొని తెలిసికొను మాటలు చూతము. "గరుకు" అనునది చేతికి తగులు గుణము. చిత్రిక పట్టని కొయ్య గరుకు. దానికి మందు తెలిసినదే: చిత్రిక పట్టుట, గరుకు కాగితముతో రుద్దుట. నునుపు చేయుటకు గరుకే సాధనమగుట గమనింపదగినది. "ముతక" అనునది పోగు లావును చెప్పును. ముతక బట్ట, ముతక బియ్యము అందుము. దానికి ఎదురు మాట "సన్నము". ముతక బట్ట నేసినవానికి నేర్పు లేదని అర్థము కాదు. లావు నూలుతో నేసినాడని మాత్రమే అర్థము. పొలము పనికి పోవువాడు సన్నని పంచె కట్టుకొనిపోడు గదా!

ఇక "పచ్చి" అనునది కాలమునకు సంబంధించిన మాట. పచ్చి కాయ, పచ్చి ఇటుక, పచ్చి కుండ. పండవలసినది పండలేదు, కాలవలసినది కాలలేదు. లోపము వస్తువులో లేదు, గడువులో ఉన్నది. "ముడి" అను మాటయు ఇట్టిదే. ముడిసరుకు అనినప్పుడు ఎవరును దానిని నిందించుటలేదు. దానినుండి ఏదో తయారు కావలసియున్నదని చెప్పుచున్నారు. హిందీనుండి వచ్చిన "కచ్చా" కూడ ఈ వరుసలోనిదే. ఈ మాటలన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది "చిత్తు". చిత్తుప్రతి, చిత్తుపుస్తకము. దీనికి జత "సాపు". చిత్తు వ్రాసి, దిద్ది, సాపు చేయుట పూర్వము ప్రతి కచేరీలోను, ప్రతి అంగడిలోను, ప్రతి పాఠశాలలోను జరిగిన పని. చిత్తులో కొట్టివేతలుండుట తప్పు కాదు. ఉండకపోయినచో ఆ వ్రాసినవాడు ఆలోచింపలేదేమో యని అనుమానింపవలెను.

మూడవ తెగ మాటలు ఊరును చెప్పును. "నాటు" అను మాట "నాడు" అను మాటకు సంబంధించినది. నాడు అనగా దేశము. పలనాడు, వెలనాడు, పాకనాడు అను పేర్లలో ఉన్నది అదియే. నాటుకోడి అనగా ఈ నేలకోడి. మన కన్నడ సోదరులును "నాటికోళి" అందురు. ఇందులో నేర్పు ప్రసక్తియే లేదు. అయినను నాటువైద్యము, నాటుపడవ, నాటుమనిషి యని వాడి వాడి, మన నేలది అనిన చాలు తక్కువది అను భావము దానికి అంటగట్టినాము. సంస్కృతమునుండి వచ్చిన మాటలలోను ఇదే కథ. నగరమునకు చెందినది నాగరికము, గ్రామమునకు చెందినది గ్రామ్యము. ఇవి మొదట చిరునామాలు, పిదప తీర్పులైనవి. "సంస్కృతము" అను పేరునకే సంస్కరింపబడినది అని అర్థము; "ప్రాకృతము" అనగా ప్రకృతిసిద్ధమైనది. "జానపదము" కూడ ఒకప్పుడు పల్లెటూరిది అని చిన్నచూపుతో పలికిన మాటయే. బిరుదురాజు రామరాజుగారి వంటి విద్వాంసులు పల్లెపాటలను సేకరించి విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన పిమ్మట అదే మాట గౌరవవాచకమైనది. మాట మారలేదు, వినువారి మనసు మారినది.

నాలుగవ తెగ మాటలు నిజముగా పనితనమును చెప్పునవి. వంకరటింకర, ఎగుడుదిగుడు, అతుకుల బొంత, అడ్డదిడ్డము, కోడి కెలికినట్లు. ఇవి పనికి తగులు మాటలు. ఇవి వినినవాడు ఏమి దిద్దుకొనవలెనో కొంతవరకైన తెలిసికొనును. అక్షరములు వంకరగా ఉన్నవనినచో నిటారుగా వ్రాయవచ్చును.

అయిదవ తెగ మాటలు పనిని విడిచి మనిషిని పట్టుకొనును. మొద్దు, బండ, మట్టిబుర్ర, చేతకానివాడు, మోటువాడు, మొరటువాడు. తమిళమున "మురడు", కన్నడమున "ఒరటు" అను మాటలును గరుకుదనమును చెప్పునవే. మొద్దు అనగా చెక్కని కొయ్య దుంగ. బండ అనగా చెక్కని రాయి. కొయ్యకును రాతికిని ఈ మాటలు వాడినప్పుడు ఇంకను చెక్కవచ్చునను ఆశ వానిలో ఉన్నది. బిడ్డకు అంటించినప్పుడు మాత్రము ఆ ఆశ కొట్టివేసినట్లే యగును.

సోదరులారా, ఈ మాటలు ఎంత పని చేయగలవో నేను పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. నా చేతనే జరిగిన ఒక అపరాధమును మీకు చెప్పుకొందును.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక పాఠశాలలో ఏడవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. "మా యిల్లు" అని వ్యాసము వ్రాయుమంటిని. కోలారు వైపు పల్లెనుండి వచ్చిన ఒక బాలుడు, తమ పెరటిలో సంపెంగచెట్టు పూచినదనియు, సాయంకాలమగుసరికి ఇల్లంతయు కంపుగా ఉండుననియు వ్రాసినాడు. నేను ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, అంచున "మోటు" అని వ్రాసితిని. అంతటితో ఊరకుండక, ఆ వాక్యమును తరగతిలో పైకి చదివితిని. పిల్లలందరును నవ్విరి. వాడు తల వంచుకొన్నాడు.

ఆ సాయంకాలము ఏదో సందేహము తోచి పాత నిఘంటువు తెరచితిని. కంపు అను మాటకు పరిమళమను అర్థమును కలదు. మన పూర్వకవులు ఆ మాటను పూలవాసనకు వాడినారు. కాలక్రమమున తెలుగు దేశమున ఆ మాట చెడువాసనకు దిగజారినది. కన్నడమున నేటికిని కంపు అనగా సువాసనయే. రెండు భాషలు కలసి ప్రవహించు ఆ సీమలో, ఆ బాలుని ఇంట, ఆ మాట తన పూర్వపు మర్యాదతో బ్రతికియున్నది. నేను దానిని మోటు అంటిని. మోటుతనము ఎవరిదో మీరే నిర్ణయింపుడు.

మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకొనవలసినది. నేను క్రొత్త ఉపాధ్యాయుడను. పిల్లలలో మర్యాద పోవునని వెఱచి ఊరకుంటిని. ఆ సంవత్సరము వాడు మరల వ్యాసములో ఇంటి మాట ఒక్కటియు వ్రాయలేదు. వాచకములోని వాక్యములనే అటునిటు మార్చి వ్రాసినాడు. అక్షరదోషములు లేవు, నేను మార్కులు వేసితిని. ఎనిమిదవ తరగతిలో తెలుగు విడిచి వేరొక భాష తీసికొన్నాడు. కారణము నేను అడుగలేదు, వాడు చెప్పలేదు. ఇప్పటికిని సంపెంగపూవు కనబడినప్పుడు ఆ ఎఱ్ఱసిరా గీత నాకు జ్ఞప్తికి వచ్చును.

ఇట్టి పొరపాటు నా ఒక్కనిదే కాదు. మన భాషా చరిత్రలోనే పెద్ద యెత్తున జరిగినది. చెన్నపట్టణమున ఉండిన పరవస్తు చిన్నయసూరిగారు 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున, తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని భాషను నాలుగు విధములుగా విభజించి, వ్యాకరణలక్షణమునకు విరుద్ధమైనదానిని గ్రామ్యమనినారు. పాఠశాలలు పెరుగుచున్న ఆ కాలమున పిల్లలకు ఒక నియతమైన భాష కావలసియుండెను. వారి పరిశ్రమ సామాన్యమైనది కాదు. కాని పిదపవారు కొందరు ఆ గ్రామ్యమను మాటను పట్టుకొని, జనులు నోట పలుకు మాటలన్నిటిని దానిక్రిందికి నెట్టివేసిరి.

దీనిని ఎదిరించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863లో జన్మించిరి. వారి జన్మదినమైన ఆగస్టు 29నే నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వారు చిరకాలము ఉపాధ్యాయులుగా పనిచేసిన పర్లాకిమిడి, 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు అందులో చేరినది. నేడు మనవలె అక్కడివారును రాష్ట్రము వెలుపలి తెలుగువారే. పంతులుగారు కేకలు వేసి వాదింపలేదు. పాత గ్రంథములను, శాసనములను వెదకి, పండితులు తప్పులన్న రూపములు అనేకము పూర్వులు వాడినవే యని చూపించిరి. అంతేకాదు, లిపియు పుస్తకములు లేని సవరభాషను సవరలవద్దనే నేర్చుకొని, వారి పిల్లలకు బడులు పెట్టించి, వాచకములు వ్రాసి, వ్యాకరణము, నిఘంటువు కూర్చిరి. కొండవారి మాట మోటు అని లోకము విడిచిన చోట, వారు చక్కని నియమములుగల ఒక భాషను కనుగొనిరి.

మన కర్ణాటకమునందే మరి రెండు నిదర్శనములు కలవు. కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలు జనులు మాటలాడు పలుకుబడికి దగ్గరివి. కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో నేటికిని భక్తితో పాడుచున్నారు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు సంస్కృతాంధ్రములలోను సంగీతములోను మహాపండితులు. అట్టివారు, పండితులు చాలకాలము కవులలో లెక్కింపని వేమనను గూర్చి గొప్ప ఉపన్యాసములిచ్చిరి. అవి పుస్తకముగా నేటికిని చదువబడుచున్నవి. నిండుగా మెరుగు పొందినవాడే మెరుగులేనిదాని విలువను చక్కగా తెలిసికొనునని నాకు వారివలన తోచినది.

ఇచట ఎవరైన, "అయ్యా, అట్లయిన మెరుగే వలదందురా? వంకరగా వ్రాసినను, తప్పుగా పలికినను మెచ్చుకొనవలెనా?" అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మెరుగు వలదని నేను చెప్పను. జీవితమంతయు పిల్లల వ్రాతలు దిద్దినవాడను. మెరుగు ఎంత, ఎప్పుడు, దేనికి అనునదే విచారింపవలసినది.

బియ్యము సంగతి చూడుడు. 1890ల దశకమున జావాద్వీపమున క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, కోళ్ళకు కాళ్ళు పట్టుతప్పు రోగము వచ్చుట గమనించెను. అవి తినుచుండినది బాగుగా మెరుగుపట్టిన తెల్లని బియ్యము. తవుడు పోని బియ్యము పెట్టగానే అవి కోలుకొన్నవి. మనుష్యులకు వచ్చు బెరిబెరి వ్యాధికిని ఇదే మూలమని క్రమముగా తేలినది. పైపొరలో ఉన్న, నేడు బి1 విటమిను అని మనము పిలుచు పదార్థము మెరుగుతోపాటు కొట్టుకొనిపోవుచుండెను. ఈ పరిశోధనకు ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. ధాన్యము దంపవలసినదే, ఊక పోవలసినదే. ఊకతో ఎవరును అన్నము తినలేరు. కాని తెలుపుకొరకు తవుడంతయు తీసివేసినచో, చూపునకు ముత్యములవంటి బియ్యము, తినినవానికి కాళ్ళు నిలువని జబ్బు మిగులును.

పిల్లల భాషయు నట్లే. అక్షరదోషము ఊకవంటిది, తీసివేయవలెను. అవ్వ నోటినుండి వచ్చిన మాట తవుడువంటిది, తీసివేయరాదు. అలక్ష్యముతో చేసిన పనిని అలక్ష్యమని చెప్పవలెను. చేతికి ఇంకను అలవాటు కాక వంకర వచ్చిన పనిని పచ్చి యని, చిత్తు అని గుర్తింపవలెను. వేరొక సీమ మాటను ఆ సీమ మాటగా గౌరవింపవలెను. ఈ మూడింటిని కలిపి "మోటు" అను ఒక్క మాటతో కొట్టినచో, బిడ్డకు దేనికి కొట్టినామో తెలియదు.

ఇంటివద్ద ఆచరింపదగిన నాలుగు పనులు మనవి చేసి ముగింతును.

మొదటిది: తప్పు చెప్పునప్పుడు వస్తువును చెప్పుడు, బిడ్డను చెప్పకుడు. "ఈ అట్ట అంచు గరుకుగా ఉన్నది" అనుడు. "నీవు మొద్దువు" అనకుడు. మొదటి మాట విన్నవాడు గరుకు కాగితము వెదకును. రెండవ మాట విన్నవాడు మూల వెదకును.

రెండవది: ప్రతి బిడ్డకును ఒక చిత్తుపుస్తకము ఇండు. అందులో మీరు దిద్దకుడు, మేమును దిద్దము. సాపుప్రతిలో మాత్రము నిర్దాక్షిణ్యముగా దిద్దుదము.

మూడవది: పిల్లల పని మీరు చేయకుడు, అంగడిలో చేయింపకుడు. నేడు డబ్బు పెట్టినచో నున్నని గోపురము గంటలో వచ్చును. యంత్రమును అడిగినచో నున్నని వ్యాసము నిమిషములో వచ్చును. కాని దానివలన బిడ్డ చేతికి గాని నోటికి గాని ఏమియు అబ్బదు.

నాలుగవది మన సంఘమునకు ప్రాణప్రదమైనది. మన పిల్లలు సెలవులకు ఆంధ్రమునకో తెలంగాణమునకో పోయినప్పుడు, వారు "ఉండాది" అనినను, "ఎనుము" అనినను చుట్టములు నవ్వుచుందురు. ఆ నవ్వులో ద్వేషము లేకపోవచ్చును. కాని తిరిగివచ్చిన బిడ్డ, మరల నవ్వించుకొనుట ఎందుకని తెలుగే మానివేయుచున్నాడు. తలిదండ్రులును వానితో, "మన తెలుగు మంచి తెలుగు కాదులే" అనుచున్నారు. అట్లనవలదు. ఒక పుస్తకమున మూడు గడులు గీయింపుడు. మొదటి గడిలో ఇంటి మాట, రెండవ గడిలో వాచకపు మాట, మూడవ గడిలో కన్నడపు మాట వ్రాయింపుడు. ఎనుము, గేదె, ఎమ్మె. కంపు, పరిమళము, కంపు. మూడు గడులు నిండిన బిడ్డ ఎవరి నవ్వునకును వెఱవడు. ఏ మాట ఎచ్చట పలుకవలెనో తానే తెలిసికొనును. ఇంట అవ్వతాతలున్నవారు ఆ మొదటి గడిని ఈ సంవత్సరమే నింపించుకొనవలెనని నా ప్రార్థన. వారు పోయిన పిమ్మట ఆ గడి నింపువారుండరు.

1956లో ఏడవ సవరణద్వారా మన రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువునకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆ అధికరణము బలమున బడి అడుగవచ్చును, ఉపాధ్యాయుని అడుగవచ్చును, వాచకము అడుగవచ్చును. సిగ్గుతో నోరు మూసికొనిన బిడ్డచేత తెలుగు పలికింపుమని ఏ ప్రభుత్వమును అడుగజాలము. ఆ పని మన యిండ్లలో జరుగవలసినది.

సభ ముగిసిన పిమ్మట మీరందరును ప్రక్కగదికి పోయి ప్రదర్శనము చూతురు గదా. అక్కడ ఒక మట్టి ఎద్దు గోడవైపు మొగము పెట్టి ఉన్నది. దానిని మనవైపు త్రిప్పుమని ఆ చిరంజీవినే అడుగుదము. కొమ్ము పొట్టిగా ఉన్నదని వానికి తెలియును. వచ్చే యేట సరిచేయును. ఆ ఎద్దు నడుము వంపు మాత్రము, బరువు లాగు ఎద్దును దగ్గరనుండి చూచినవాడు తప్ప మరియొకడు చేయజాలడు. ఆ మాటను వానితో ముందుగా చెప్పి, కొమ్ము సంగతి పిదప చెప్పుదము.